తాబేళ్ల కాలంలో మా సముద్రపు ఊరికి రావాలంటే

గది కావాలని ఫోన్ చేసేవాళ్లు అద్దె సంగతి కన్నా ముందు ఒకటి అడుగుతారు. "తాబేలు ఎన్నింటికొస్తుందండీ?" పలాస ప్యాసింజరుకైనా ఒక టైము చెప్పగలను గాని దీనికి చెప్పలేను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. భావనపాడుకీ బారువకీ మధ్య, కొబ్బరి తోటల్లోంచి పది నిమిషాలు నడిస్తే కాలికి ఇసుక తగిలే ఊరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా వజ్రపుకొత్తూరు వైపు తీరం దాటింది. తెల్లారి తలుపు తీస్తే తోటలో సగం చెట్లు నేల మీదున్నాయి. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు. అన్నాళ్లూ ఇల్లు గడవాలి కదా. వసారా పక్కనున్న రెండు గదులకి సున్నం వేసి, బాత్రూం కట్టి, వచ్చినవాళ్లని దింపడం మొదలుపెట్టాం. తాబేళ్లు మా తాతల నాటి నుంచీ వస్తూనే ఉన్నాయి. వాటి కోసం మనుషులు రావడమే మాకు కొత్త.

కొత్త కాబట్టి మేం చేసిన తప్పులున్నాయి, వచ్చినవాళ్లు చేసినవీ ఉన్నాయి. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను. మా ఇంట్లోనే దిగాలని లేదు. కళింగపట్నంలో దిగినా, బారువలో దిగినా ఇదే వరస.

ఎప్పుడు రావాలి

ఇక్కడికొచ్చేవి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు పెడతాయి. పెట్టిన గుడ్లు 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి, అంటే పిల్లల కాలం మార్చి నుంచి మే దాకా. లెక్క చూసుకుంటే మార్చి రెండో సగంలో వచ్చేవాళ్లకి తల్లినీ పిల్లల్నీ రెండింటినీ చూసే వీలుంటుంది. నన్నడిగితే అదే మంచి కాలం. పగలు ఎండ ఉంటుంది గాని సాయంత్రం అయ్యేసరికి సముద్రపు గాలి తిరుగుతుంది.

ఒక్క రాత్రికి రాకండి. రెండు రాత్రులైనా ఉండేలా చూసుకోండి, శనివారం కాకుండా ఉంటే మరీ మంచిది. టీవీలో ఒడిశా రుషికుల్య దగ్గర వేలకు వేలు తాబేళ్లు ఒకేసారి ఒడ్డెక్కడం చూసుంటారు. అది ఇచ్ఛాపురం దాటాక, ఆ పక్క రాష్ట్రంలో. అక్కడ తిరునాళ్లలా వస్తాయి, మా దగ్గర ఒంటరిగా వస్తాయి. ఒక రాత్రి మూడు రావచ్చు, తర్వాత నాలుగు రాత్రులు ఒక్కటీ రాకపోవచ్చు. తాబేలు కనబడలేదని గది డబ్బులు వెనక్కిమ్మన్నవాళ్లు కూడా ఉన్నారు. ఇవ్వలేదనుకోండి.

రైల్లో వచ్చేవాళ్లు మా వైపుకి పలాసలోగాని, బారువకి సోంపేటలోగాని, కళింగపట్నానికి ఆమదాలవలసలోగాని దిగండి. ఆ స్టేషను పేరు బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. అక్కడ్నుంచి ఆటోలు, బస్సులు దొరుకుతాయి. ఎలా వచ్చినా పొద్దుండగా ఊరు చేరండి. ఎందుకో కింద చెప్తాను.

సంచిలో ఏముండాలి

ముదురు రంగు బట్టలు ఒక జత. తెల్ల చొక్కా చీకట్లో దూరానికి కూడా తెలిసిపోతుంది. టార్చి తెస్తే దాని అద్దం మీద ఎర్ర రంగు ప్లాస్టిక్ కాగితం రెండు మడతలు వేసి రబ్బరు బ్యాండు బిగించండి. కానుకల పొట్లాలకి చుట్టే కాగితం చాలు, ఫ్యాన్సీ షాపులో దొరుకుతుంది. తాబేలు కంటికి తెల్ల వెలుగు, నీలం వెలుగు గుచ్చుకున్నంతగా ఎరుపు గుచ్చుకోదు. అలాగని ఎర్ర లైటు కూడా దాని మొహం మీద కొట్టమని కాదు, మీ కాళ్ల ముందు చూసుకోవడానికే.

తాగే నీళ్ల కోసం ఇంటి నుంచి ఒక సీసా తెచ్చుకుంటే మా ఇంట్లో డబ్బా నీళ్లతో నింపుకోవచ్చు. ఊరికో పది ఖాళీ సీసాలు వదిలి వెళ్లేకన్నా అది నయం. డ్రోను తేవద్దు. బ్లూటూత్ స్పీకరు తెస్తే గదిలోనే ఉంచండి. నేనైతే గదిలో కూడా వద్దంటాను, మా అత్తగారికి రాత్రి తొమ్మిదికల్లా నిద్ర.

మొదటి సాయంత్రం: పగటి వెలుగులో ఒడ్డుని చూడండి

సామాను పడేసి, టీ తాగి, నాలుగున్నరకల్లా ఒడ్డుకి బయల్దేరండి. చీకట్లో నడవబోయే దారిని ముందు వెలుగులో చూసుకోవాలి. తెప్పలు ఎక్కడ కట్టారో, లంగరు తాళ్లు ఎక్కడ ఉన్నాయో, వలలు ఎక్కడ ఆరేశారో చూసుకోండి. చీకట్లో వల మీద కాలు వేస్తే మీరు పడతారు, వల చిరుగుతుంది. ఆ రెండో నష్టం పెద్దది.

కారుగాని బైకుగాని ఇసుక మీదికి దింపకండి. చక్రం తొక్కిన చోట ఇసుక గట్టిపడుతుంది, కింద గుడ్లుంటే మనకు తెలీదు. జానెడు లోతు పడిన చక్రం జాడ మనకి లెక్క కాదు. నాలుగు సెంటీమీటర్ల పిల్లకి అది కాలవ. అందులో పడి పైకి ఎక్కలేక, ఆ కాలవ వెంటే పోయి పోయి తెల్లారేసరికి కాకుల పాలవుతుంది.

తీగ పరుచుకున్న ఇసుక దిబ్బల దగ్గర ఆగి చూడండి. ఊదారంగు పూలు పూసి, మేక గిట్ట లాంటి ఆకులున్న తీగ. అలలు ఎక్కే గీత దాటి, ఈ తీగల మొదట్లో తాబేళ్లు చోటు వెతుక్కుంటాయి. ముందు రాత్రి ఏదైనా వచ్చి ఉంటే దాని జాడ అక్కడ ఉంటుంది. చిన్న ట్రాక్టరు టైరు ఇసుక మీద దొర్లినట్టు, రెండు మూడు అడుగుల వెడల్పున, కుడి ఎడమ గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి పడి ఉంటాయి. వచ్చిన జాడ ఒకటి, పోయిన జాడ ఒకటి. రెండూ కలిసే చోట ఇసుక కలబోసినట్టుంటే అక్కడ గుడ్లు పెట్టిందని. కలబోత లేకుండా జాడ ఊరికే వంపు తిరిగి సముద్రంలోకి పోయిందంటే, గుడ్లతో వచ్చి పెట్టకుండానే వెనుదిరిగిందన్నమాట. ఏ కుక్కో, ఏ లైటో, ఏ మనిషో.

దారిలోనే తాబేలు పిల్లల కేంద్రం ఉంటుంది. వెదుళ్లు పాతి, చుట్టూ వల కట్టి, పైన కొబ్బరి మట్టల పందిరి వేసిన చిన్న ఆవరణ. ఇక్కడ కాపలా ఉండేవాళ్లు మా ఊరి మత్స్యకారులే, అటవీశాఖ తరఫున రాత్రిళ్లు ఒడ్డంతా తిరిగి గుడ్లు తెచ్చి ఇక్కడ పాతిపెడతారు. ఒక్కో గూటి దగ్గర పుల్లకి కట్టిన చీటీ మీద తేదీ, గుడ్ల సంఖ్య ఉంటాయి. ఒక గూటికి సుమారు నూరు, నూట ఇరవై. లోపలికి వెళ్లకండి, బయట నిలబడి అడగండి. తీరికుంటే వాళ్లే చెప్తారు.

గుడ్లు తేవడం వినడానికి సులువు. పెట్టిన కొద్ది గంటల్లోపే తేవాలి. ఆలస్యమైతే లోపలి పిండం పెంకుకి అతుక్కుంటుంది, అప్పుడు గుడ్డు బోర్లా తిరిగితే చచ్చిపోతుంది. అందుకే ఒక్కో గుడ్డునీ ఉన్నది ఉన్నట్టు ఎత్తి, అసలు గూడు ఎంత లోతుందో అంతే లోతులో, మూర లోతు గొయ్యిలో, అడుగున వెడల్పు, పైన సన్నం ఉండేలా కుండ ఆకారంలో తవ్వి దించుతారు. ఆ పందిరి కూడా షోకుకి కాదు. తాబేలు పిల్ల ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. సుమారు 29, 30 డిగ్రీల దగ్గర రెండూ కలిసి పుడతాయి. అంతకు మించి వేడెక్కితే ఆడవి ఎక్కువ, చల్లబడితే మగవి ఎక్కువ. ఎండలు ముదిరిన ఏప్రిల్లో ఆ మట్టలు సర్దడమే కాపలావాళ్లకి పెద్ద పని.

గదికి తిరిగొచ్చాక: లైట్లు

ఇది నా తప్పుతో నేర్చుకున్నది కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను.

గదులు మొదలెట్టిన రెండో ఏడు, మార్చి నెల. హైదరాబాదు నుంచి వచ్చిన కుటుంబం, పిల్లలు చీకటికి భయపడుతున్నారు, వసారా లైటు రాత్రంతా ఉంచమన్నారు. కొత్తగా పెట్టించిన తెల్ల ఎల్‌ఈడీ, తోటంతా పట్టపగల్లా ఉండేది. సరేనన్నాను. పొద్దున్నే అయిదింటికి ముగ్గు వెయ్యడానికి బయటికొచ్చిన మా ఆవిడ కేకేసింది. కళ్లాపి చల్లిన చోట మూడు తాబేలు పిల్లలు. నూతి గట్టు కింద అయిదు. కొబ్బరి పాదుల్లో ఆకులకింద వెతికితే ఇంకా ఇంకా. ఎవరి కంటా పడని గూడు ఒకటి దిబ్బ వెనకాల పగిలింది, పిల్లలన్నీ సముద్రానికి వీపు పెట్టి మా లైటు వైపు నడిచొచ్చాయి. మొత్తం నలభై ఒకటి పోగుచేశాం. రెండింటికి అప్పటికే చీమలు పట్టాయి, కళ్ల దగ్గర. మిగతావి దారిలో ఏమయ్యాయో ఎవరికి తెలుసు.

పిల్ల గూడు దాటి బయటపడగానే ఎటు వెలుగుంటే అటు నడుస్తుంది. కరెంటు లేని రోజుల్లో ఆ వెలుగు సముద్రం మీదే ఉండేది. నక్షత్రాలు, నురగ. ఇప్పుడు మన వసారాలు అంతకన్నా వెలుగు. ఆ రోజు నుంచి మా ఇంట్లో సముద్రం వైపు బల్బు లేదు. వెనక వసారాలో మోకాలి ఎత్తున పసుపురంగు బల్బు ఒకటి, దానికి డాల్డా డబ్బా కోసి చేసిన మూత.

మీరు చెయ్యాల్సింది: రాత్రి ఎనిమిది దాటాక సముద్రం వైపు కిటికీ ఉన్న గదిలో లైటు వేస్తే తెర దించండి. బయట లైటు అడగొద్దు. మీరు దిగిన చోట రిసార్టు వాళ్లు ఒడ్డు మీదకి ఫ్లడ్‌లైటు వేసుంటే, జనవరి నుంచి మే దాకా ఆర్పమని అడగండి. డబ్బు కట్టినవాళ్లు అడిగితే వింటారు, నాలాంటి పక్కింటోడు అడిగితే గొడవంటారు.

రాత్రి నడక

సొంతంగా బయల్దేరకండి. కాపలావాళ్లతోనే, వాళ్లు సరేనంటేనే. ఒక్క జట్టుకి అయిదారుగురు మించకూడదు. మా ఊళ్లో కాపలా తిరిగే తాత ఒకాయన ఉన్నాడు, డెబ్బై దగ్గరపడ్డాయి, తెప్ప మీద యాభై ఏళ్లు చేసి మోకాళ్లు అరిగాక ఈ పనిలోకొచ్చాడు. నీటి అంచున తడి ఇసుక మీద నడుస్తాడు, ఎందుకంటే జాడ అక్కడే ముందు కాలికి తగులుతుంది. ఆయన వెనకే నడవండి. ఆయన ఆగితే ఆగండి.

తాబేలు కనబడిందనుకుందాం. అప్పుడు వరసగా ఇలా:

1. నీళ్లలోంచి వస్తుంటే ఉన్నచోటే కూర్చోండి. ఎదురెళ్లకండి. ఈ దశలోనే దానికి బెదురెక్కువ, చిన్న కదలికకి వెనక్కి పోతుంది.

2. చోటు చూసుకుని తవ్వుతున్నంత సేపూ అలాగే ఉండండి. అరగంట పట్టొచ్చు. దోమలు కుడతాయి. చప్పట్లు కొట్టినట్టు చంపకండి.

3. గుడ్లు పెట్టడం మొదలయ్యాక తాత చెయ్యి ఊపుతాడు. అప్పుడు మోకాళ్ల మీద, దాని వెనక వైపు నుంచి మాత్రమే దగ్గరికి వెళ్లండి. తల వైపు ఎవరూ పోకూడదు.

4. ముట్టుకోవద్దు. ఫ్లాషు వద్దు. వీడియో తీయాలంటే ఫోను తెర వెలుగు పూర్తిగా తగ్గించుకోండి. నా మాట వింటే అదీ వద్దు, చీకట్లో తీసిన వీడియోలో ఏమీ కనబడదు, చూడాల్సింది చూడకుండా పోతుంది.

చూడాల్సింది వెనక కాళ్లని. ఒక కాలు వంచి గరిటెలా ఇసుక తోడుతుంది, చిందకుండా పక్కన పోస్తుంది, రెండో కాలు ముందుకి విదుల్చుతుంది. మళ్లీ రెండోదాని వంతు. తన వెనక ఏముందో ఒక్కసారైనా తిరిగి చూడదు. చూడకుండానే కుండ లాంటి గొయ్యి తవ్వుతుంది. గుడ్లు రెండు మూడేసి, జిగురుతో కలిసి జారతాయి. టేబుల్ టెన్నిస్ బంతంత ఉంటాయి గాని కోడిగుడ్డులా గట్టి పెంకు కాదు, మెత్తన. కళ్లలోంచి చిక్కటి నీరు కారుతుంది. నొప్పికి ఏడుస్తోందని ఆడవాళ్లు కొందరు కళ్లు తుడుచుకోవడం చూశాను. అది ఒంట్లో చేరిన ఉప్పుని బయటికి పంపే నీరు. సముద్రంలో ఉన్నా కారుతూనే ఉంటుంది, మనకి కనబడేది ఒడ్డుమీదే.

అయిపోయాక ఇసుక కప్పి, ఒళ్లు ఎడమకీ కుడికీ ఊపుతూ పొట్టతో ధబ్ ధబ్ మని కొడుతుంది. గచ్చుకి దిమ్మిస కొట్టినట్టే. నలభై కిలోల జీవి కొట్టే ఆ దెబ్బ మీ మోకాళ్ల కింద ఇసుకలో తెలుస్తుంది. చూసినవాళ్లెవరూ దీన్ని మర్చిపోలేదు.

ఒకసారి వైజాగ్ నుంచి వచ్చిన అబ్బాయి ఆగలేక తిరిగి పోతున్న తాబేలు ముందుకి ఉరికి, సెల్ఫీకి వంగాడు. తాత అరవలేదు. "బాబూ, అది నిన్ను సూడ్డానికి రానేదు. దాని పని మీదదొచ్చింది. నీ పని మీద నువ్వెల్లు" అన్నాడు. ఆ అబ్బాయి తర్వాత కూడా రెండుసార్లు వచ్చాడు, ఇప్పుడు మిగతావాళ్లని వాడే ఆపుతాడు.

గుడ్లు ఎవరైనా తవ్వుతున్నట్టు కనబడితే గొడవకి దిగకండి. కాపలావాళ్లకి గాని, అటవీశాఖకి గాని చెప్పండి, ఎవరూ అందకపోతే 112. ఆలివ్ రిడ్లీ 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. గుడ్డు తీసినా నేరమే, మూడు నుంచి ఏడేళ్ల జైలు.

పిల్లల్ని వదిలే పొద్దు

దీనికి తెల్లవారుజామునే లేవాలి. గూడు పగిలిందని కబురొస్తే నేను తలుపు కొడతాను. అయిదు నిమిషాల్లో బయట ఉండండి, ఎండ ఎక్కేలోపు అయిపోవాలి. కొన్నిసార్లు సాయంత్రం వదులుతారు.

ఇసుక మీద గీత గీస్తారు, దాని ఇవతలే నిలబడాలి. వెనక్కి అడుగు వేసేటప్పుడు కిందికి చూసి వేయండి. "పాపం, నడవలేకపోతోంది" అని ఎత్తి నీళ్లలో వేయబోయేవాళ్లు ప్రతి జట్టులోనూ ఒకరుంటారు. వద్దు. ఈ ఒడ్డు గుర్తు వాటికి ఆ నడకలో పడుతుందేమోనని శాస్త్రవేత్తల అంచనా. బతికిన ఆడపిల్ల పది, పదిహేనేళ్ల తర్వాత మళ్లీ ఈ తీరానికే పురుటికి వస్తుంది. అల వచ్చి పిల్లని పదడుగులు వెనక్కి విసురుతుంది, వెల్లకిలా పడుతుంది, మళ్లీ తిరగబడి నడుస్తుంది. చూస్తూ ఉండండి. మీ చంటిపిల్లల చేతిలో పెట్టి ఫోటో తీయిస్తామని ఎవరైనా అంటే, డబ్బు తీసుకుని చేయిస్తామన్నా, ఒప్పుకోకండి.

పగటిపూట ఒంటరి పిల్ల కనబడితే బక్కెట్లో నీళ్లు పోసి పెట్టకండి. పక్కన నిలబడి మీ నీడ పట్టండి, కాకినీ కుక్కనీ తోలండి, కాపలావాళ్లకి కబురు పంపండి.

చచ్చిన తాబేలు కనబడితే

కనబడుతుంది. చెప్పకుండా దాచి లాభం లేదు. జనవరి, ఫిబ్రవరిల్లో ఒడ్డున నడిస్తే ఉబ్బిపోయిన తాబేలు ఏదో ఒకటి తగులుతుంది. తాబేలుకి మనలాగే ఊపిరితిత్తులు. పైకొచ్చి గాలి పీల్చుకోవాలి. మరబోట్లు లాగే ట్రాల్ వలలో చిక్కుకుంటే గంటలకొద్దీ పైకి రాలేక ఊపిరాడక పోతుంది. వలకి తాబేలు తప్పించుకునే కిటికీ లాంటి పరికరం పెట్టొచ్చు, చేపలు కూడా పోతాయని బోటువాళ్లు ఇష్టపడరు. మన రాష్ట్రంలో ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదని నిబంధన. రాత్రి మీరు మా అరుగు మీద కూర్చుంటే ఆ లోపల ఎన్ని దీపాలు కదులుతున్నాయో లెక్కపెట్టుకోవచ్చు. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. చేపల పునరుత్పత్తి కోసం పెట్టిన తేదీలవి. అప్పటికి తాబేళ్ల పని దాదాపు అయిపోతుంది. కనీసం ఫిబ్రవరి, మార్చిల్లో ఒడ్డు దగ్గర గట్టి కాపలా ఉండాలని నా గోడు.

మీరు చెయ్యాల్సింది: ఎక్కడ, ఎన్ని చూశారో, మీద దెబ్బలున్నాయో లేదో గుర్తుంచుకుని కేంద్రంలో చెప్పండి. పక్కన ఆరేసిన చిన్న వల చూపించి "మీరే చంపారా" అని మా వాళ్లని అడగకండి. అడిగినవాళ్లున్నారు. మా తెప్పల వాళ్లు వలలో తాబేలు పడితే కోసైనా వదిలేస్తారు, విష్ణుమూర్తి అంటారు. ఆ వల బాగుచేసుకోవడానికి రెండు రోజులు పోతాయి.

ఊళ్లో ఎలా మెలగాలి

వయసులో ఉన్న మగవాళ్లు మా ఊళ్లో తక్కువ కనబడతారు. గుజరాత్ వీరావల్‌కి, చెన్నైకి, పారాదీప్‌కి బోట్ల మీద పనికి పోయుంటారు. కాబట్టి ఒడ్డున కనిపించే ఆడవాళ్లు, ముసలివాళ్లే ఊరు నడుపుతున్నారు. పెద్దావిణ్ణి "పిన్నీ" అనండి, మీకన్నా కాస్తే పెద్దదైతే "అప్పా" అనండి, మా వైపు అప్ప అంటే అక్క. "ఏయ్ చేపలమ్మా" అంటే ఆ పూట మీకు చేప దొరకదు.

పొద్దున్నే అలివి వల లాగుతుంటే చూడ్డం మానకండి. అర్ధచంద్రంలా సముద్రంలో పరిచిన వలని రెండు కొసలా రెండు జట్లు ఒడ్డుకి లాగుతాయి. మీరూ తాడు పట్టొచ్చు, అడిగి పట్టండి. చెప్పులు విప్పి, తాళ్ల మీంచి దాటకుండా పక్కనుంచి తిరిగి వెళ్లండి. తాడు దాటితే వేట పడదంటారు. నమ్మినా నమ్మకపోయినా వాళ్ల తాడు కదా. లాగినందుకు చేప అడగకండి, ఇస్తే వద్దనకండి.

చేప కొనేటప్పుడు బేరం ఆడొచ్చు, ఫర్వాలేదు, మా ఆవిడా ఆడుతుంది. వేయించుకోవడానికి నెత్తళ్లు, పులుసుకి కోనాం. పొద్దున చోడి (రాగి) అంబలి కావాలంటే ముందు రోజే చెప్పండి, అడిగిన వెంటనే అవదు.

ఒక సంగతి మాత్రం. ఉద్దానం అనగానే కిడ్నీ జబ్బు గుర్తొచ్చి, టీ కొట్టు దగ్గర పరిచయమైన మనిషిని "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా" అని అడిగేస్తారు కొందరు. చాలా ఇళ్లలో ఉంది. అడగొద్దు.

ఈతకి నదుల మొగ దగ్గర దిగకండి. బారువలో మహేంద్రతనయ, కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలిసే చోటు చూడ్డానికి నిశ్చలంగా ఉంటుంది, అడుగున లాగేస్తుంది.

మధ్యాహ్నం ఖాళీగా ఉంటే

తేలినీలాపురం వెళ్లండి. టెక్కలి దగ్గర, నౌపడ ఉప్పు మడులకి ఆనుకుని ఉన్న ఊరు. చింతచెట్ల మీద, తుమ్మల మీద పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి. చలికాలం మొదట్లో వచ్చి, మార్చి, ఏప్రిల్లో పిల్లలతో లేచిపోతాయి కాబట్టి మార్చిలో వచ్చేవాళ్లు మొదటి రోజే వెళ్లడం మంచిది. అందరూ సైబీరియా పక్షులంటారు, ఊరి బోర్డులూ అలాగే అంటాయి. నిజానికి ఈ పెలికాన్లు, కొంగలు మన ఉపఖండంలోనే గూడు కట్టే జాతులు. సైబీరియా కాకపోయినా వాటి అందానికి లోటు లేదు. చెట్ల కింద గట్టిగా మాట్లాడకండి, బెదిరి లేస్తే గూట్లోంచి పిల్లలు జారిపడతాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి కూడా చూద్దామనుకుంటే దానికి కాలం వేరు, అక్కడి నత్తగుల్ల కొంగలు వానాకాలంలో వస్తాయి.

కళింగపట్నం వైపు దిగినవాళ్లకి శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు దగ్గర. శ్రీకాకుళం మీదుగా తిరిగి వెళ్లేవాళ్లు శ్రీకూర్మం ఆగండి. విష్ణువు కూర్మరూపంలో ఉన్న గుడి, రెండు ధ్వజస్తంభాలుంటాయి. ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్లు నేల మీద బతికేవి, వాటికి ఈత రాదు, సముద్రంలో వదులుదామని పుణ్యానికి పోకండి. వాటికి చిప్సు కూడా పెట్టకండి.

వెళ్లే రోజు

ముందు రోజు సాయంత్రమే ఒడ్డుకి వెళ్లి మీ పిల్లలు తవ్విన గోతులు పూడ్చి రండి. ఇసుక కోటలు కాలితో తన్ని చదును చేయండి, వాళ్లకే చెప్తే సంతోషంగా తన్నుతారు. ప్లాస్టిక్ కవర్లు మీ కారులోనే పట్టుకెళ్లండి. మా పంచాయతీ బండి వారానికోసారి వస్తుంది, ఈలోపు గాలికి అన్నీ సముద్రం దారి పడతాయి.

మీ ఎదుట గుడ్లు పెట్టిన తాబేలు ఉంటే దాని చీటీ మీద తేదీ రాసుకుని వెళ్లండి. నలభై అయిదో రోజు నుంచి ఫోన్ చేసి అడగొచ్చు, ఎన్ని బయటపడ్డాయో కేంద్రంలో కనుక్కుని చెప్తాను. తెల్లవారుజామున మాత్రం చేయకండి. ఆ వేళకి నేను ఒడ్డున ఉంటాను, ఫోను ఇంట్లో మోగి మా అత్తగారు లేస్తారు.